అత్త చెప్పిన మాట, నేను రాసిన కాగితం

మా అత్త తన చావు గురించి మొదటిసారి మాట్లాడింది ఎండుచేపలు తిరగేస్తూ. ఇసుకలో పాత వల పరిచి దాని మీద చేపలు ఆరబెడితే, మధ్యాహ్నానికి ఒకసారి రెండో పక్కకు తిప్పాలి. ఇద్దరం చెరో కొసనుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకునేవాళ్లం. ఆ రోజు కలుసుకున్న చోటునుంచి ఆమె లేవలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి అక్కడే కూర్చుంది.

"మామకు జరిగినట్టు నాకు జరగగూడదు పాపా," అన్నది.

ఆమె నాకు మేనత్త, మా నాన్నకు అక్క. ఆమె కొడుకునే నేను పెళ్లి చేసుకున్నాను కాబట్టి అత్తగారు కూడా. మైపాడుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డునే మా పాలెం. అక్కడ అందరివీ తెప్పలూ వలలే. మామ అంతకు రెండేళ్ల ముందు, పంతొమ్మిది వందల యాభైల చివర, నెల్లూరు పెద్దాసుపత్రిలో పోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. మాట పోయింది, తెలివి పోయింది. ముక్కులోంచి గొట్టం వేసి పంతొమ్మిది రోజులు పాలు పోశారు. ఆ పంతొమ్మిది రోజులూ అత్త వరండాలో కూర్చుంది. సాయంత్రం ఒక గంట లోపలికి రానిచ్చేవాళ్లు. మామ పొద్దున పూట పోయాడు. మా పాలెం చేపలు నెల్లూరుకు దించివచ్చే లారీయే ఆయన్ను ఇంటికి తెచ్చింది.

"ముప్పైయేండ్లు సముద్రం మీద తిరిగిన మనిషి. పొయ్యేటప్పుడు గోడకు మొగం పెట్టుకోని పోయినాడు. ఆ గొట్టం ఒద్దని నేను ఎవురికి చెప్పాల?"

"డాక్టరుకు చెప్పకపోతివా?"

"చెప్పినా. ఆయన ఇంగ్లీషులో నర్సమ్మతో ఏందో అన్నాడు. ఆయమ్మ నా బుజం మీద చెయ్యేసి బయటికి పంపించింది. మంచిదే ఆయమ్మ."

ఆ తర్వాత కొన్ని నెలలపాటు, పనిలో ఉండగా, అత్త తన కోరికను ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమెకు మందులంటే విరోధమేమీ లేదు. చలిజ్వరం వస్తే తానే మైపాడు నడిచిపోయి సూది వేయించుకునేది. కాలిలో చేపముల్లు దిగి చీము పడితే తానే బస్సెక్కి నెల్లూరు పోయి కోయించుకుని వచ్చింది. ఆమె భయం వేరు.

"తగ్గే జబ్బయితే తీసకపోండి. కోసినా పడతా. తగ్గదని తెలిసినాక మాత్రం నన్ను కదిలించొద్దు. మాట పోతే గొట్టం ఒద్దు. గుటక పడినన్నాళ్లు గంజి పొయ్యి. పడకపోతే పెదాలు తడుపు. వాకిట్లో పండబెట్టు, అల చప్పుడు యినిపించేకాడ. అంతే నేనడిగేది."

"తగ్గేదో తగ్గందో ఎవరు చెప్పాల అత్తా?"

"నువ్వు చెప్పు. సదువుకున్నావు గదా. నా కొడుకు చెప్పలేడు, ఏడుస్తాడు. నా కూతురు ఊరంతా గుమిగూడేట్టు అరుస్తాది. నువ్వయితే నిమ్మళంగా చెప్తావు."

ఆ మాటకు నాకు గర్వం కలిగింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అప్పుడు కలిగింది గర్వమే. అంత బరువు నా నెత్తిన పెడుతున్నదని తోచనే లేదు.

నేను బడికి పోయింది రెండేళ్లే. మిగిలిన చదువంతా పొట్లం కాగితాల మీద నేర్చుకున్నాను. చింతపండు కట్టిన కాగితమైనా చదవనిదే పొయ్యిలో వేసేదాన్ని కాదు. పెళ్లయ్యాక చేపల గంపతో నెల్లూరు పోవడం మొదలుపెట్టాక, సరుకు అమ్ముడుపోయి తిరుగు బస్సు వచ్చేలోపల రెండు మూడు గంటలు మిగిలేవి. ఆ గంటలన్నీ గ్రంథాలయంలో గడిపాను. కుళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, గంప బయట బోర్లించి, లోపలికి పోయేదాన్ని. లైబ్రేరియన్ గారు పెద్దాయన. మొదట్లో గుమ్మం పక్క బెంచీ చూపించేవారు. ఏడాది తిరిగేసరికి బీరువా తాళం నా చేతికే ఇచ్చి, "నీకు కావలసింది తీసుకో అమ్మా" అనేవారు. నవలలు, నక్షత్రాల పుస్తకాలు, ఆరోగ్య సూత్రాలు, చట్టాలు, ఏది దొరికితే అది చదివాను. మా పాలెం ఆడవాళ్లలో సంతకం పెట్టగలిగింది నేనొక్కదాన్నే. ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరకే తెచ్చేవాళ్లు. అది నాకు తెలియకుండానే తలకెక్కింది.

ఇలాంటి కోరికలకు మా పాలెంలో ఒక పద్ధతి ఉండేది. వేటకు పోని రోజున వలలు ఆరేసే చోట మగవాళ్లంతా కూర్చునేవారు. నడుమ పెద్దకాపు. మా దగ్గర పెద్దకాపు అంటే పాలెం తగవులు తీర్చే పెద్ద. ఎవరైనా తన కోరిక అక్కడ నోటితో చెబితే ఆయన "విన్నారు గదా" అని అందరినీ అడిగేవాడు. "విన్నాం" అని అందరూ అంటే అది దురాయి, అంటే పాలెం మొత్తం కట్టుబడే మాట. ఆ తర్వాత కొడుకులు కూడా దాన్ని దాటడానికి లేదు. ఒక ముసలాయన కుళ్లిన కాలు కోయించుకోనని అక్కడే చెప్పుకున్నాడు. కొడుకులు ఎంత మొత్తుకున్నా ఆయన్ను ఎవరూ ఇంట్లోంచి కదిలించలేదు. ఆయన తన మంచం మీదే పోయాడు.

అయితే ఆడవాళ్లు ఆ కూటంలో కూర్చోరు. ఆడదాని మాటను ఆమె తరపున మగవాడెవరో చెప్పాలి.

"ఇది పెద్దకాపు చెవిన ఎయ్యాల. నీ మొగుడితో చెప్పిస్తా," అన్నది అత్త.

నేను ఒప్పుకోలేదు. "నీ ఒంటి సంగతి ఇంకొకరి నోటితో చెప్పించుకునేదేంది అత్తా? మాట గాలికి పోతాది. కాయితమయితే నిలబడతాది. సర్కారు కూడా కాయితాన్నే నమ్ముతాది."

"పెద్దకాపు కాయితం సదవడు గదమే."

"సదివేవాళ్లు సదువుతార్లే."

ఇంకోసారి ఆమే వేరే దారి చెప్పింది. "పోనీ, ఆడోళ్లనన్నా పిలుద్దాం. నీళ్ల బావికాడ నాలుగు మాటలు చెప్తా. నా కూతురిని గూడా రమ్మందాం."

"వాళ్లు వింటే ఏమొస్తాది? సాక్షి అంటే సంతకం పెట్టాల," అన్నాను.

ఆమె కూతురు, అంటే మా వదిన, ఉత్తరాన రెండు పాలేల అవతలికి కాపురానికి పోయింది. నాకంటే పదేళ్లు పెద్దది. మా ఇంటికి వస్తే నా పుస్తకాలను కాలితో కాదుగానీ చీపురుతో పక్కకు జరిపి, "చేపలు ఉప్పులో ఎయ్యడం రాసినారా మే ఇందులో?" అనేది. ఆమెను పిలవకపోవడంలో ఆ కోపం కూడా కొంత ఉంది. కాదని ఇప్పుడు చెప్పలేను.

గ్రంథాలయంలో వీలునామాలు రాసే పద్ధతి చెప్పే పుస్తకం ఒకటి ఉంది. తెలివి తప్పిన మనిషికి ఏ వైద్యం చెయ్యాలో, ఏది వద్దో ఆ మనిషే ముందుగా రాసిపెట్టుకునే సంగతి అందులో ఒక్క ముక్క లేదు. ఈ మధ్య పేపర్లో చదివాను, ఇప్పుడు అలాంటి కాగితానికి చట్టంలో చోటు ఉందట. అప్పుడు లేదు. వీలునామా నమూనానే ఎదురుగా పెట్టుకుని, ఆస్తి అని ఉన్నచోటల్లా ఒళ్లు అని పెట్టుకుంటూ రాశాను. మూడుసార్లు చించి నాలుగోసారి సాపు రాశాను. "నేను పూర్తి స్పృహతోను, ఎవరి ప్రోద్బలమును లేకుండగను వ్రాయించి ఇచ్చిన కాగితమేమనగా" అని మొదలవుతుంది. అత్త చెప్పిన గంజి అందులో ద్రవాహారమయింది. అల చప్పుడు వినిపించే వాకిలి "సముద్ర సమీపమునగల స్వగృహము" అయింది.

చదివి వినిపిస్తే అత్త నోరు తెరిచి విన్నది. "నేనేనా ఇది? తాసిల్దారు మాట్లాడినట్టుండాదే," అన్నది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఒక రోజు ఆమెను నాతోపాటు నెల్లూరు తీసుకుపోయాను. గ్రంథాలయంలోనే ఆమె బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించాను. లైబ్రేరియన్ గారు, పేపరు చదవడానికి వచ్చే ఒక పంతులు గారు సాక్షి సంతకాలు పెట్టారు. సంతకం పెట్టే ముందు లైబ్రేరియన్ గారు కళ్లజోడు తీసి అత్తను అడిగారు.

"ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పావా అమ్మా?"

అత్త నా వైపు చూసింది. "చెబుతామండీ," అన్నాను నేను.

"చెప్పండి. మా సంతకాలదేముంది, రేపు మీ పక్కన ఉండేది వాళ్లు."

తలూపాను. ఇంటికి వచ్చాక మా ఆయనతో చెప్పాను కూడా. ఆయన తెగిన వల కడుతున్నాడు. "ఇప్పుడెందుకవన్నీ," అని లేచి తెప్ప దగ్గరికి పోయాడు. చెప్పానన్న పేరు దక్కింది, చాలనుకున్నాను. కాగితాన్ని నా పెట్టెలో పెట్టాను. అత్త ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. కాగితం మీద ఎక్కిందంటే పని అయిపోయినట్టేనని నేనే ఆమెను నమ్మించాను.

నాలుగేళ్లు గడిచాయి. లైబ్రేరియన్ గారు ఉద్యోగం విరమించి సొంత ఊరికి వెళ్లిపోయారు. పంతులు గారిని దొరవారిసత్రం వైపు బదిలీ చేశారు. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసీ కొత్తగా ఎవరినీ పిలవలేదు.

ఒక ఉదయం అత్త పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే కుడివైపుకు ఒరిగిపోయింది. చెయ్యీ కాలూ పడిపోయాయి. నోరు వంకర పోయింది. పిలిస్తే కళ్లతో చూస్తున్నది, మాట మాత్రం లేదు. మనుషులు తెలుస్తున్నారు. వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టాం. కబురందుకుని వదిన ఒడ్డెమ్మట నడిచి పొద్దెక్కేసరికి వచ్చేసింది. మైపాడునుంచి కాంపౌండరును పిలిపించారు. అతను నాడి చూసి, కళ్లు చూసి, "నెల్లూరు తీసుకుపోతే ఏమన్నా చెప్పగలరు. నేను చెప్పలేను," అన్నాడు. చేపల లారీ రోడ్డు మీద ఆగే ఉంది.

నేను లోపలికి పోయి పెట్టె తెరిచి కాగితం తెచ్చాను. అప్పటికి పెద్దకాపు కూడా వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి కాంపౌండరుకు ఇచ్చాడు. కాంపౌండరు పైకి చదివాడు.

వదినే మొదట అడిగింది. "ఎవురు రాసినారిది?"

"నేనే రాసినా వదినా. అత్త చెప్పింది, నేను రాసినా."

"యినండి అందరూ. అత్తను ఆసుపత్రికి తీసకపోవద్దని కోడలు రాసిపెట్టుకునిందంట."

"అత్త యేలిముద్ర ఉండాది చూడు."

"యేలిముద్రదేముంది? నిద్దరపొయ్యేదాని యేలుకు గూడా సిరా పుయ్యొచ్చు. మా అమ్మ ఎప్పుడన్నా ఇట్టా మాట్లాడిందా? ద్రవాహారమంట. ఆ మాటకు మా అమ్మకు నోరు తిరగతాదా?"

వెనక ఎవరో నవ్వారు. అక్కడున్న వాళ్లలో సగంమందికి నేనే ఉత్తరాలు చదివి పెట్టాను. ఆ నిమిషాన వాళ్లు నన్ను చూసిన చూపు నాకు కొత్త.

పెద్దకాపు చెయ్యెత్తి వదినను ఆపాడు. "సాక్షులెవురు పాపా?"

చెప్పాను. వాళ్లిద్దరూ ఇప్పుడు నెల్లూరులో లేరని కూడా చెప్పాను.

"మన పాలెంలో ఎవురు యిన్నారు?"

"ఎవరూ లేరు పెద్దయ్యా."

"నీ మొగుడు?"

మా ఆయన నేల చూస్తూ, "ఏందో చెప్పింది పెద్దయ్యా. నేను సరిగా యినలా," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

పెద్దకాపు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆమె నాతో ఒక్క మాట అని ఉంటే ఆ లారీకి నేనే అడ్డం నిలబడుందును. నేను యినలా, పాలెం యినలా. యినని మాటకు దురాయి ఎట్టా ఎయ్యాల? సరే, అది పోనీ. నువ్వు సదువుకున్నదానివి గదా. ఒకటి చెప్పు. ఇది తగ్గేదా, తగ్గందా?"

అత్త నాకు అప్పగించిన ప్రశ్న అదే. ఆమె ఎడమ కన్ను నా మీదే ఉంది. నేను ఆరోగ్యం పుస్తకాల్లో పక్షవాతం గురించి చదివి ఉన్నాను. కొందరికి మొదటి వారాల్లో మాట తిరిగి వస్తుందని చదివాను, కొందరికి రాదని కూడా చదివాను. మామను చూశాను. ఇదీ అదేనని నాకు లోపల గట్టిగా అనిపించింది.

"నాకు తెలియదు," అన్నాను.

తెలియదన్నది నిజమే. కానీ నిజం చెప్పాలని నేను ఆ మాట అనలేదు. తగ్గదు అంటే, కోడలు చంపిందన్న మాట ఆ ఒడ్డున నేను బతికినన్నాళ్లూ ఉంటుంది. అందుకని అన్నాను. పెద్దకాపు కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. నలుగురు మగవాళ్లు మంచాన్ని ఎత్తారు.

ఆసుపత్రి వాళ్లను నేను ఏమీ అనను. వాళ్లకు తెలిసిన మంచి వాళ్లు చేశారు. ఈసారి ఆడవాళ్ల వార్డు కాబట్టి నన్నూ వదిననూ పక్కనే ఉండనిచ్చారు. గుటక పడడం లేదని రెండో రోజు గొట్టం వేశారు. అత్త ఎడమ చెయ్యి బాగానే ఆడుతున్నది. ఆ చేత్తో గొట్టాన్ని లాగేసింది. మళ్లీ వేశారు, మళ్లీ లాగింది. నర్సు గుడ్డపీలికతో ఆ మణికట్టును మంచం కడ్డీకి కట్టింది. అత్త చెయ్యి గుంజుకుంటుంటే ఒరిసి ఎర్రబడింది. అప్పుడు నర్సు కట్టు విప్పి, "కట్టడం నాకూ ఇష్టం లేదమ్మా, మీరే ఎవరైనా పట్టుకోండి," అన్నది.

పట్టుకున్నాను. పగలూ రాత్రీ నేను కొంతసేపు, వదిన కొంతసేపు. గంప మోసిన చెయ్యి, ఆ స్థితిలో కూడా బలంగా ఉంది. నేను రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చేది.

మూడో రోజు డాక్టరు వచ్చి చూసి, ఇక పెద్దగా మార్పు ఉండకపోవచ్చునని తెలుగులోనే, నిదానంగా చెప్పాడు. తగ్గదన్న మాటను నాకు బదులు ఆయన అన్నాడు. ఇంటికి తీసుకుపోతామని అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు. కాగితం నా రవికలోనే ఉంది. వదిన గోడకానుకుని ఏడుస్తున్నది. మళ్లీ ఆ మాట ఎత్తితే వార్డంతా వినేలా ఏమంటుందోనని నేను డాక్టరు ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయన పక్క మంచానికి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం అత్త పోయింది. ఆమె ముఖం కిటికీ వైపు ఉండేలా నేను ముందురోజే తిప్పాను. కిటికీలోంచి కనిపించేది వంటపాక గోడ.

పాలెంలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కోడలు బాగా చూసుకుందనే అన్నారు. ఆసుపత్రిలో చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుందని వదినే నలుగురికీ చెప్పింది.

నాలుగైదు నెలల తర్వాత వదిన ఒక పొద్దున ఒంటరిగా వచ్చింది. నేను చేపలకు ఉప్పు పట్టిస్తున్నాను. తానూ ఒక పీట లాక్కుని కూర్చుని చేతులు కలిపింది. చాలాసేపు పని చేశాం. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఏం మే, అమ్మ నిజంగానే అన్నదా?"

"అన్నది వదినా."

"కాయితంలో మాటలొద్దు. అమ్మ ఎట్టా అనిందో అట్టా చెప్పు."

చెప్పాను. తగ్గే జబ్బయితే తీసకపోండి, కోసినా పడతా అన్నదగ్గర మొదలుపెట్టాను. గుటక పడినన్నాళ్లు గంజి పొయ్యి, పడకపోతే పెదాలు తడుపు అన్నదాకా వచ్చేసరికి వదిన చేతులు ఆగిపోయాయి.

"ఇది మా అమ్మే," అన్నది. కొంగు ఉప్పు చేతులతోనే నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "దురదపుట్టి గొట్టం పీకతా ఉందనుకున్నా నేను. అణిచి పట్టుకున్నా గదమే ఆ చెయ్యి. నీకు తెలుసు. తెలిసి గూడా నా పక్కనే కూర్చోని పట్టుకున్నావు," అన్నది.

నేను ఇంకో చేప అందుకుని ఉప్పు పట్టించాను.

"నన్నెందుకు పిలవలా ఆ రోజు? కాయితం రాసేటప్పుడు?"

అత్త పిలుద్దామన్నది, నేనే వద్దన్నాను. అది చెప్పకుండా ఉండడానికి ఇంకే దారీ కనిపించలేదు.

"అత్త నిన్ను రమ్మందామనే అనింది వదినా. సంతకం పెట్టలేవని నేనే పిలవలేదు."

ఆమె నన్ను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను.

"సంతకం రాదులే. చెవులుండాయి గదా నాకు," అన్నది.

మిగిలిన చేపలకు కూడా ఉప్పు పట్టించి, చేతులు కడుక్కుని లేచింది. అన్నం తిని పొమ్మన్నాను. వద్దన్నది. ఒడ్డెమ్మట ఉత్తరంగా ఆమె నడిచిపోతుంటే, వెనక నుంచి నడక అచ్చం అత్తదే. పిలవాలనిపించింది. పిలవకుండా పాత వల తీసి ఇసుకలో పరిచాను.